గట్టి నేల

ఢాం!

చెవి పక్కనుంచి గుండు దూసుకుపోయింది.

ఉప్పలయ్య చెరువుకట్ట మీద పరిగెడుతున్నాడు. చేతిలో పొడుగాటి వెదురు గడ. తలపాగాలో కాగితం.

"ఆగుర ఉప్పలిగా! కాగితం ఆడ పడేసి పో!"

వెనక భిక్షం సేటు. మిర్యాలగూడలో మిల్లు ఆయనదే. చేతిలో జోడుగొట్టాల తుపాకి. ఇంకో గుండు మిగిలే ఉంది...

చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలను శిఖం అంటారు. అందులో ఇల్లు కట్టొద్దని కానూను. సేటుకు అక్కడే మేడ కావాలి. 'ఇక్కడికి నీళ్లు రావు, నేల గట్టిది' అని చెరువు కావలివాడి ఇంటినుంచి సాక్ష్యం ఉంటే, కోదాడ కచేరీ పర్మిషన్ ఇస్తుంది.

కావలివాడు ఉప్పలయ్యే. ఆరు నెలలుగా సేటు అడుగుతున్నా వేలిముద్ర వెయ్యలేదు.

ఇవాళ పొద్దుగూకే వేళ చావడిలో సేటు ఆ సాక్ష్యం కాగితం తీశాడు.

దాని మీద వేలిముద్ర!

మధ్యలో అడ్డంగా కొడవలి గాటు.

సత్తెమ్మ వేలు.

ఉప్పలయ్య పెళ్లాం. పోయిన శుక్రవారం తుంగ కొయ్యడానికి పోయి ఆ నేలలోనే కూరుకుపోయింది. శనివారం శవాన్ని తానే బయటికి లాగాడు. కడుగుతుంటే బొటనవేలి నలుపు ఎంతకూ వదల్లేదు. బురద అనుకున్నాడు.

బురద కాదు... సిరా!

కాగితం లాక్కుని ఉరికాడు. సూర్యాపేటలో రేపు కలెక్టరు క్యాంపు. కొత్త సర్కారు వచ్చి ఏడాది కాలేదు. వింటారో వినరో. అయినా పోవాలి.

కట్ట దిగాడు. శిఖంలోకి!

తుంగ దుబ్బు మీద ఒక అడుగు. ఇంకో దుబ్బు మీద ఇంకోటి. దుబ్బుకు వేరుంటుంది, ఆపుతుంది. నున్నగా ఎండిన చోటే మింగుతుంది.

"యాడికి పోతవ్ రా? అది నా జాగ!"

సేటు నున్నటి దారి చూసుకున్నాడు. దూకాడు.

పెళ్ళున పెచ్చు విరిగింది!

మోకాళ్లు... తొడలు... నడుము!

తుపాకి మూతి బురదలో దిగబడింది. పైకి గుంజుకున్నాడు.

"ఉప్పలయ్యా! గడ... గడ ఇయ్యి!"

ఇప్పుడు ఉప్పలయ్య అయ్యాడు.

ఉప్పలయ్య ఆగాడు. వెనక్కి తిరిగాడు. చెరువులో మనిషి మునుగుతుంటే నిలబడి చూసిన వంశం కాదు. గడ చాపాడు.

"నిన్ను గుంజుత సేటు. రేపు కలెక్టరు ముంగట చెప్పాలె. పీనుగ వేలు పట్టి ఒత్తిచ్చుకున్ననని."

సేటు తుపాకి చంకలో ఇరికించుకుని రెండు చేతులా గడ అందుకోబోయాడు. మొఖం తెల్లబడింది.

"పీనుగనా? ఛీ! గంత పాపం నేన్ జెయ్యలే! దేవుని మీద ఒట్టు... బతికున్నప్పుడే ఒత్తింది!"



"బతికున్నప్పుడా?"

సేటు ఇంకో బెత్తెడు దిగబడ్డాడు.

"యాడ ఒత్తింది సేటు?"

"గీడనే... జర గడ ఇటు జరుపు..."

"గీడ ఎట్లుండె?"

"నడుం దాంక... ఒత్తు, గుంజుత అన్న. ఒత్తింది."

"గుంజినవా?"

సేటు తల దించుకుని గడకేసి చెయ్యి చాపాడు.

సేటు వేళ్లకు జానెడు దూరంలో గడ ఆగింది. మెల్లగా వెనక్కి పోయింది.

"ఉప్పలయ్యా! నీ కాల్మొక్త!"

"కాగితంల రాసినవ్ గద సేటు. నేల గట్టిదని."

తలపాగా సర్దుకున్నాడు. కాగితం ఉంది.

"గీడనే నిలబడు."

వెనక్కి తిరిగి దుబ్బు మీద అడుగేశాడు.

"లంజకొడకా! ఒక్క గుండున్నది... ఇటు తిరుగు!"

తుపాకి లేచింది. ఉప్పలయ్య ఒక్కసారి చూశాడు. రెండు గొట్టాల నిండా గట్టిగా కూరినట్టు బురద. పేలిస్తే ముందుకు పోదు గుండు. గొట్టం చీలి వెనక్కే వస్తుంది.

సేటుకు తెలియదు.

ఉప్పలయ్య చెప్పలేదు.

నడిచాడు. ఒక దుబ్బు... ఇంకో దుబ్బు...

ఢాం!