పన్నెండో మంచం జవాబు

ఆదివారం మధ్యాహ్నం మా ఆసుపత్రి సర్వర్ గది మా మేనేజర్ బుర్రంత ఖాళీగా ఉంటుంది. ఏసీ హోరు, ఫినాయిల్ వాసన, నేను. అంతే.

ల్యాబ్ నుంచి వార్డుకి, వార్డు నుంచి డాక్టర్లకి కబుర్లు మోసే సర్వర్ అది. పొద్దుటి నుంచి దాని ప్రాసెసర్ నూటికి నూరు శాతం మీద పరిగెడుతోంది. రిపోర్టులన్నీ వరసలో ఇరుక్కుపోయాయి. వాటిలో ఇక్కడే వార్డులో ఉన్న మా అక్క రక్తపరీక్ష కూడా ఉంది. అది చేరితేగానీ ఆపరేషన్ మొదలుపెట్టరు.

"రీస్టార్ట్ కొట్టెయ్యవయ్యా," అన్నాడు మేనేజర్ ఫోన్లో. సర్వర్‌కీ ఫ్రిజ్‌కీ తేడా తెలియని మహానుభావుడు.

"కొడితే వరసలో ఉన్నవన్నీ గాల్లో కలిసిపోతాయి సార్."

"ఏదో ఒకటి చేసి ఏడువు," అని పెట్టేశాడు.

లోపలికి తొంగిచూస్తే దొరికింది. ఒకే ఒక్క పని ప్రాసెసర్‌ని నమిలేస్తోంది. పన్నెండో మంచం దగ్గర రోగి గుండె, ఊపిరి కనిపెట్టే మానిటర్‌ని అడుగుతోంది: "రోగి ఉన్నారా?" జవాబు లేదు. వెంటనే మళ్లీ అడుగుతోంది. ఎన్నిసార్లు అడిగి ఊరుకోవాలో చెప్పకుండా రాశాడు ఎవడో తలకుమాసిన వెధవ.

వార్డుకి ఫోన్ చేశాను. అది అక్క పక్క మంచమే. అందులో ఉన్న ముసలాయన తెల్లవారుజామున పోయాడట. మానిటర్ ఊడబీకారట, కంప్యూటర్లో తీసెయ్యడం మాత్రం మర్చిపోయారట. ఇంతమంది చదువుకున్న మొద్దులు ఒక్కచోట ఎలా దొరికారో!

ఇలాంటప్పుడు మేం చేసే దొంగపని ఒకటుంది. మానిటర్ బదులు మేమే జవాబు టైప్ చేసి పంపేస్తాం. "లేరు" అంటే సంతకాలు, ఆరాలు, ఓ పూట చాకిరీ. "ఉన్నారు" అంటే ఏ గొడవా లేదు.

"ఉన్నారు" అని కొట్టాను.

ప్రాసెసర్ చల్లబడింది. అక్క రిపోర్టు వెళ్లిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫోన్ మోగింది. అక్క... గుసగుసగా.

"ఒరేయ్... పక్క మంచం మీదకి ఎవర్నైనా తెచ్చారా?"

"లేదే. ఏం?"

"ఎవరో ముసలాయన కూర్చున్నాడ్రా... ముక్కులో దూది ఉంది. నర్సుకి కనబడట్లేదట. 'నేనున్నానని చెప్పింది మీ తమ్ముడేనా' అని అడుగుతున్నాడు..."

గబగబా టైప్ చేశాను. "లేరు." పంపేశాను.

ఏసీ హోరు ఆగిపోయింది...

తెర మీద కొత్త ప్రశ్న. "పదకొండో మంచం. రోగి ఉన్నారా?"

అది మా అక్క మంచం.

జవాబు రాలేదు. మళ్లీ అడిగింది. మళ్లీ... ప్రాసెసర్ పైకి ఎగబాకుతోంది.

"అక్కా! మాట్లాడవే!"

"ఇక్కడే ఉన్నా కదరా," అంది అక్క తాపీగా. "ఆయన వెళ్లిపోయాడు. నాకిప్పుడు నొప్పి కూడా లేదు."

మంచం నుంచి మాత్రం జవాబు రావడం లేదు.