పైడమ్మ కప్పించిన మట్టి

పొద్దున్నే బావిలోంచి తోడిన నీళ్ల మీద మళ్లీ నూనె తెట్టు తేలింది. ప్రమోదిని ఆ నీళ్లను విసురుగా కొబ్బరి చెట్టు మొదట్లో పారబోసింది. తాగడానికీ వంటకీ భర్త కార్తికేయ కాశీబుగ్గ నుంచి మోసుకొచ్చే టిన్నులే గతి. స్నానానికి మాత్రం ఈ బావి నీళ్లే. నాలుగేళ్ల ఇందు ఒళ్లంతా దద్దుర్లతో గోక్కుంటూ ఏడుస్తుంటే తల్లి ప్రాణం ఉసూరుమనేది.

ఈ తంటా అంతా పెరటి గోడ అవతల ఉంది. మామగారు పోలారావు బతికున్న రోజుల్లో ఆ స్థలాన్ని జీడితొక్కల నుంచి నూనె తీసే మిల్లుకి అద్దెకిచ్చాడు. మిల్లువాడు కొన్నాళ్లు నడిపి, నల్లటి మడ్డినంతా అక్కడే వదిలేసి, చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. ఆ మడ్డి వానలకి నేలలోకి దిగి వీధి బావులన్నింటినీ పాడుచేసింది.

చిన్న ఊళ్లలో ఇలా చెడిపోయిన నేలను బాగుచేయడానికి ప్రభుత్వం నిధులిస్తుందని తెలిసింది మొదలు, వార్డు మెంబరైన ప్రమోదిని పలాసకీ టెక్కలికీ చెప్పులరిగేలా తిరిగింది. ఎట్టకేలకు అధికారులు వచ్చి మట్టి నమూనాలు పట్టుకెళ్లారు. సరిగ్గా ఆ రోజే తల్లికి జ్వరమని ఆమె నందిగాంలో పుట్టింట ఉండిపోయింది. అత్త పైడమ్మే వాళ్లకి దగ్గరుండి స్థలం చూపించింది.

ఇంటి ముందు బండి ఆగింది. పంచాయతీ కార్యదర్శి మన్మథరావు దిగాడు.

"రిజల్టు వచ్చిందమ్మా. మట్టి శుభ్రంగా ఉందట. మన ఊరికి నిధులు రావు."

"శుభ్రంగానా? ఆ గోడ కాడ నిలబడితేనే కడుపులో తిప్పుతాది కదండీ!"

ప్రమోదిని గునపం పట్టుకుని విసవిసా నడిచింది. కంపుకి జడిసి ఎవరూ తొక్కని చోటు అది. గోడ దాటగానే కొయ్యబారిపోయింది. స్థలమంతా ఎర్రమట్టి పరిచి, చదును చేసి, అంచుల్లో ముగ్గు కూడా పెట్టి ఉంది. జానెడు లోతు తవ్వేసరికి గునపానికి నల్లటి మడ్డి అంటుకుంది.

"ఎవులు పోయించినారిది?"

వెనకే వచ్చిన కార్తికేయ బుర్ర గోక్కున్నాడు. "అమ్మ అడిగింది. ట్రాక్టరు మాటాడి మట్టి తెచ్చీసేను. శాంపిళ్ల సంగతి నాకేటి తెలుసు?"

ప్రమోదినికి ఒళ్లు మండిపోయింది. ఇంట్లోకి దూసుకొచ్చింది.

"ఏటత్తా, ఏటి పని సేసినావు?"

"ఏటి సేసినాను?" పైడమ్మ తగ్గలేదు. "పెద్దమనుసులు ఇంటికొత్తంటే ఆ గలీజు సూపించమంతావా?"

"ఆళ్లేమన్నా పెళ్లిసూపులకొచ్చినారా? గలీజు సూడ్డానికే వచ్చినారు! నీ పరువు నీకు ముద్దు. ఈ గుంటపిల్ల ఒళ్లు సూడు!"

ఇందు గౌను పైకెత్తి వీపు చూపించింది. పైడమ్మ మొహం పాలిపోయింది.

"నా పరువు కాదే," అంది. "ఆపీసుకెల్లిన పెతీసారీ 'మా మావ మిల్లుకిచ్చిన నేల' అనీసి సెప్తావు. వీధిలో నీళ్లు తోడినప్పుడల్లా ఆ మనిసినే తిడతన్నారు. సచ్చిపోయినోడు ఒచ్చి జవాబు సెప్పుకోగలడేటి? ఆ నలుపు కనపడకపోతే తిట్లు ఆగుతాయనుకున్నాను."

ప్రమోదిని కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అత్త చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

గుమ్మంలో ఇబ్బందిగా నిలబడ్డ మన్మథరావు గొంతు సవరించుకున్నాడు. "రేపు గ్రామసభకి జిల్లా అధికారి వస్తున్నారు. మట్టి కప్పిన సంగతి ఇంటివాళ్లే నలుగురిలో ఒప్పుకుంటే, మళ్లీ పరీక్ష చేయమని అడగొచ్చు."

"నాను సెప్తాను," అంది ప్రమోదిని. తర్వాత అత్త వైపు తిరిగింది. "మావ పేరు తేనులే అత్తా."

మర్నాడు సభలో ఆమె లేచి, తెలియక మట్టి పోయించామని చెప్పింది. జనం గొల్లున నవ్వారు. సిగ్గుతో తల వాలిపోయినా కూర్చోలేదు. అధికారి విసుగ్గా అడిగాడు.

"అసలు ఆ స్థలం మిల్లుకి ఇచ్చిందెవరు?"

ప్రమోదిని నోరు మెదపలేదు. ఇచ్చిన మాట అడ్డొచ్చింది.

ఆడవాళ్ల వరసలోంచి పైడమ్మ లేచింది. "మట్టి నానే కప్పించినాను బాబూ. ఆ నేల ఇచ్చింది నా పెనిమిటి."

"పేరేంటమ్మా?"

పెళ్లయిన నాటి నుంచీ పైడమ్మ భర్త పేరు పలికి ఎరగదు. రేషను కొట్లోనైనా ఆసుపత్రిలోనైనా పక్కవాళ్లను మోచేత్తో పొడిచి వాళ్ల చేత చెప్పించేది. కోడలు అందుకోబోతే వద్దని చెయ్యెత్తింది.

"పోలారావు," అంది పైకి వినిపించేలా. "నాలుగు డబ్బులొత్తాయని తెలీక ఇచ్చినాడు. తిట్టాలంటే నన్ను తిట్టండి. నీళ్లు మాత్రం బాగు సేయించండి బాబూ."

ఎవరూ నవ్వలేదు. అధికారి రాసుకుని, మళ్లీ మనుషుల్ని పంపుతామన్నాడు. ఎప్పుడో మాత్రం చెప్పలేనన్నాడు. ఇంకెన్నిసార్లు తిరగాలో అనుకుంటే ప్రమోదినికి నీరసం ముంచుకొచ్చింది.

పక్కన పైడమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది.

"మీ మావ పేరు నా నోటితో అనీసేనే," అంది.

ప్రమోదిని అత్త తలను భుజానికి ఆనించుకుని తానూ ఏడ్చేసింది.