ఆది జాకెట్టు

...బరువు తగ్గితే మనిషి తేలికపడాలి కదా, మరి ఈ ఎడమ భుజం ఏదో మోస్తున్నట్టు ముందుకెందుకు వంగిపోతోంది? లేని చోట దురద కూడా పుడుతోంది. గోకుదామని వెళ్ళిన చెయ్యి గుడ్డమూటకు తగిలి, తప్పు చేసినట్టు వెనక్కి వచ్చేస్తోంది. పోయిందని ఒంటికి తెలియదా, లేక తెలిసీ ఒప్పుకోవడం లేదా అని కనకం ఆలోచిస్తూ ఉండగానే పెనం మీద దోసె మాడిపోయింది.

“మమ్మీ, జల్ రహా హై,” అంటూ వచ్చి కూతురు ఝాన్సీ పొయ్యి కట్టేసింది. ఆ పిల్ల వ్యాపార్ విహార్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. స్కూటీ తాళం వెతుక్కుంటూనే అడిగింది, “ఉషా ఆంటీ వస్తాది ఇవాళ. బ్లౌజ్ కుట్టమంటాది. ఏటి చెప్తావు?”

“రాళ్ళు తీసేరు, వంగి మిషను తొక్కకూడదన్నారని చెప్తాను.”

“అచ్ఛా, బస్. అంతే చెప్పు.” ఝాన్సీ గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, తల్లి మొహంలోకి చూసింది. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

రాయపూర్ పెద్దాసుపత్రిలో కనకానికి ఎడమ రొమ్ము తీసేశారు. తొందరగా దొరికింది, మందు ఎక్కించక్కర్లేదు, మాత్రలు చాలన్నారు. జుట్టు ఊడలేదు. అందుకే అబద్ధం నిలబడింది. పిత్తాశయంలో రాళ్ళని ఆమె భర్త సింహాచలం కాలనీలో చెప్పాడు. పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, తల్లికి ఇలాంటి జబ్బని తెలిస్తే ఎవరొస్తారన్నాడు. కనకం తల ఊపింది. తల ఊపాక ఇక ఏడవడానికి కారణం లేకుండా పోయింది. రాళ్ళు తీయించుకున్న మనిషి ఎందుకు ఏడుస్తుంది?

ఈ హిందీ ఊరి రైల్వే కాలనీలో తెలుగు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చిస్తే చాలు, దాన్ని పరిచి, సుద్దతో గీసి, కళ్ళు మూసుకునైనా కత్తిరించేది. తన ఆది జాకెట్టు మాత్రం ఇప్పుడు తనది కాదు. ఎడమవైపు ఖాళీగా ముడత పడుతోంది. ఆ ఖాళీ నింపడానికి లైనింగ్ గుడ్డతో సంచి కుట్టి, ఆవాలు పోసి, మూతి బిగించింది. స్నానాలగదిలో లైటు వెయ్యకుండా, తడుముకుంటూ. పుట్టి బుద్ధెరిగాక ఆమె కొలత చూడకుండా కుట్టింది అదొక్కటే. కొలవాలంటే చూడాలి కదా.

సింహాచలం గూడ్సు డ్యూటీ దిగి వచ్చి, పెట్టె గుమ్మంలో పెట్టి, కాళ్ళు కడుక్కుంటుండగా పక్క క్వార్టరు ఉషారాణి వచ్చింది. చేతిలో జాకెట్టు ముక్క, ఇంకో చేతిలో స్టీలు క్యాను.

“ఇదిగో వదినా, ఇవాల్టి ఉలవకట్టు. వేడిగా తాగీ. మళ్ళీ రాళ్ళు పుట్టవు.”

“నీకెందుకమ్మా శ్రమ?”

“శ్రమేటి? మా చిన్నోడి నిశ్చితార్థానికి నువ్వు జాకెట్టు కుట్టాలి గదా, లంచం అనుకో.” నవ్వి, గుడ్డ విప్పి చూపించబోయింది. జారిపోతున్న కొసను అందుకోవడానికి కనకం చటుక్కున వంగింది.

చిన్న చప్పుడు. కుట్టు వీడిన చప్పుడు ఆమెకు తెలియనిది కాదు. ఆవాలు పైట కింద నుంచి, కుచ్చెళ్ళ మీదుగా, గచ్చంతా దొర్లాయి. కొన్ని ఉషారాణి కాళ్ళ దగ్గర ఆగాయి.

సింహాచలమే ముందుకొచ్చాడు. “పోపుడబ్బా పడిపోనాది,” అన్నాడు.

కనకం అతన్ని చూసింది. “ఏ పోపుడబ్బా?”

“అదేలే, వంటింట్లోది...”

“వంటింట్లో డబ్బా వంటింట్లోనే ఉంది.” ఆమె గొంతు పెంచలేదు. “ఉషా, అది నా రొమ్ము. కేన్సరని తీసీసేరు. రాళ్ళూ లేవు, ఏటీ లేవు.”

ఉషారాణి అలాగే గచ్చు మీద కూర్చుండిపోయింది. “మరి ఉలవకట్టు ఇన్నాళ్ళూ ఎందుకు తాగీవు వదినా?”

“నువ్వు కాచి తెచ్చీవు గదా.”

ఉషారాణికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. కనకాన్ని దగ్గరకు తీసుకోబోయి, ఎటువైపు నొప్పో తెలియక చేతులు గాల్లోనే ఆపేసింది. చివరకు కుడిచెయ్యి పట్టుకుంది. వెళ్ళేటప్పుడు జాకెట్టు ముక్కను మిషను మీద పెట్టి, “తొందరేటీ లేదు. నువ్వే కుట్టాలి,” అంది.

తలుపు పడ్డాక సింహాచలం చీపురు తెచ్చాడు.

“ఉండనీండి,” అంది కనకం. “రేపు కాలనీ అంతా తెలుస్తాది. పిల్ల సంబంధం సంగతి చెప్పండి.”

అతను చీపురు పట్టుకునే నిలబడ్డాడు. “సంబంధం మాట తరవాత పుట్టినాది. ముందు షెడ్డులో ఎవడో అడిగీడు, మీ ఆవిడకి ఏటైందని. ఆ జబ్బు పేరు నోట్లోంచి రాలేదు కనకం. రాళ్ళంటే సులువుగా వచ్చీసింది.”

“కట్టు మార్చినప్పుడల్లా బయటికెలిపోయేవారు. ఇంటికొచ్చినా ముందుగదిలోనే పడుకుంటన్నారు. అసహ్యమేటి?”

“కాదు.”

“మరేటి?”

“నేను చూస్తే, నువ్వు నా మొహం చూస్తావు.” అతను చీపురును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “అందులో ఏటి కనిపిస్తాదో నాకే తెల్దు. అది చూసి నువ్వు...”

ఇన్నాళ్ళూ ఆమె అతని తిప్పుకున్న మొహంలోనే తన ఒంటిని చూసుకుంటోంది. ఆ అద్దంలో కనిపించినది ఎంతో వికారంగా ఉంది. అందులో ఉన్నది తను కాదని, అతని భయమని ఇప్పుడు తెలుస్తుంటే కోపం పోలేదు గానీ, దాని కింద అణిగి ఉన్న ఏడుపు కదిలింది. కనకం కూర్చుని ఏడ్చింది. రాళ్ళ కోసం కాదు, పిల్ల కోసం కాదు. పోయిన దాని కోసం, ఝాన్సీకి పాలిచ్చిన దాని కోసం, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. అతను చీపురు వదిలేసి పక్కన చతికిలబడ్డాడు. ఊరుకోమనలేదు.

చాలాసేపటికి ఆమె లేచింది. మిషను సొరుగులోంచి టేపు తీసి, అలవాటుగా మెడలో వేసుకుంది. పాత ఆది జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

“కొత్త ఆది కావాలి. ఎడంవైపు ఎత్తుకి టక్కు అక్కర్లేదు.”

“నేనేటి సెయ్యాలి?”

“చూడండి. మీ మొహంలో ఏటి కనిపిస్తే అదే కనిపించనీండి. ఏటీ కనిపించకపోతేనే నాకు బాధ.”

బీరువా అద్దం ముందు నిలబడి హుక్కులు తీసింది. వాలుగా సాగిన మచ్చ, ఇంకా ఎర్రగానే ఉంది. ముందు తను చూసింది. తరువాత అద్దంలోనే అతని మొహం చూసింది. డ్యూటీ అలసట, కన్నీళ్ళు, పాత మొహం. అంతకన్నా అందులో ఏమీ లేదు.

టేపు కొసను రొమ్మెముక మీద ఆనించి, అతని వేలు తీసి దాని మీద పెట్టింది.

“ఇక్కడ పట్టుకోండి. వదిలీకండి,” అంది. మిగతా టేపును మచ్చ మీదుగా, నెమ్మదిగా, చంక వరకూ లాగింది.