కొండ దిగే సైకిలు

గురువారం పొద్దున పిల్నమ్ లేచి వచ్చేసరికి వంటింట్లో కూతురు ఉంది. అదే వింత. మామూలు రోజుల్లో సెరాన్ బ్యాంకుకి తయారై, నిలబడే కాఫీ తాగేసి, "అమ్మా, బోమికి జడ వెయ్యి" అని కేకేసి వెళ్ళిపోయే మనిషి. ఇవాళ నడుముకి గుడ్డ కట్టుకుని గిన్నెలో గరిటె తిప్పుతోంది. ఇల్లంతా సముద్రపు నాచు ఉడుకుతున్న వాసన.

"పుట్టినరోజున తాగాల్సిన నాచు సూపు కూడా నువ్వే కాచుకుంటావా? కూర్చో," అంది సెరాన్.

పిల్నమ్ కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఉప్పు రెండుసార్లు పడిందని నాలుక చెప్పింది.

"ఎలా ఉంది?"

"సముద్రంలోంచి వచ్చింది కదా, ఎక్కడిదో మర్చిపోలేదు."

అల్లుడు మున్‌హో నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. ఏడేళ్ళ బోమి మాత్రం అన్నం ముట్టుకోకుండా కుర్చీలో అటూ ఇటూ కదిలిపోతోంది. "అమ్మమ్మా, గుమ్మం దగ్గర ఏముందో నేను చెప్పను. నాన్న చెప్పొద్దన్నాడు," అంది.

గుమ్మం దగ్గర అందరి చెప్పులూ ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. దుప్పటి కప్పిన వస్తువు ఒకటి దారికి అడ్డంగా నిలబడింది. మున్‌హో దుప్పటి లాగాడు. పాలమీగడ రంగు ఎలక్ట్రిక్ సైకిలు. కాలు ఎత్తక్కర్లేకుండా ఎక్కడానికి నడుమ కిందికి వంచిన ఫ్రేము, దిండులాంటి సీటు, ముందు బుట్ట, బుట్టకి రిబ్బను.

"మీట నొక్కితే చాలు అత్తయ్యా, అదే లాక్కుపోతుంది," అన్నాడు మున్‌హో. "నది ఒడ్డున తారురోడ్డు వేశారు కదా, చెర్రీ పూలు చూసుకుంటూ హాయిగా తిరిగి రావచ్చు."

పిల్నమ్ హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రం కాస్త ఎత్తి చూసింది. ఎత్తి, దించేసింది.

"బావుంది. మరి కొండకి?"

మున్‌హో పెళ్ళాం వైపు చూశాడు. చివరికి సెరానే అంది, "కొండకెందుకమ్మా ఇంక? నీ పాత సైకిలు ఎలాగూ పోయింది. అదీ ఒకందుకు మంచికే అనుకో."

పాత సైకిలు పోవడం నిజమే. చలికాలం మొదట్లో, హ్యాండిల్ కింద వెల్డింగు దగ్గర వెంట్రుకంత చీలిక కనపడింది. ఆమె వెళ్ళే కొండ సైకిళ్ళ క్లబ్బు అధ్యక్షుడు పాంగ్ దాన్ని వేలితో తడిమి చూసి, ఇంకో మాట లేకుండా రంపం తెచ్చి ఆమె కళ్ళెదుటే ఫ్రేముని రెండు ముక్కలు చేశాడు. చీలిన ఫ్రేము వదిలిపెడితే ఇంకొక్కసారే అంటూ ఎవరో ఒకరు ఎక్కుతారని వాళ్ళ క్లబ్బులో అలా కోసేస్తారు. ఆ రోజు పిల్నమ్ ఇంటికి హ్యాండిల్ ఒక్కటే పట్టుకొచ్చుకుంది. ఆ రాత్రి భోజనం చేయలేదు. కూతురికి మాత్రం అజీర్తి అని చెప్పింది.

ఆమెకి సైకిలు తొక్కడం వచ్చిందే యాభై తొమ్మిదో ఏట. మూడో ఆడపిల్లగా పుట్టిందని, వచ్చేసారి తప్పకుండా మగబిడ్డే రావాలని కోరుతూ, అదే అర్థంతో పెట్టిన పేరు పిల్నమ్. ఆ తరువాత మగబిడ్డ వచ్చాడు, ఇంటికి సైకిలూ వచ్చింది. తమ్ముడు తొక్కేవాడు, ఆమె వెనక నెట్టేది. పెళ్ళయింది, ఉడకబెట్టిన నూడుల్స్ కొట్టు నడిపింది, కూతుర్ని చదివించింది, మొగుడిని కాటికి సాగనంపింది. ఆ తరువాత ఒకరోజు స్నేహితురాలు ఛున్జా బడి మైదానానికి లాక్కెళ్ళి సైకిలు ఎక్కించింది. నెల తిరగకుండా పిల్నమ్ కొండ దారి పట్టింది.

"ఇది మంచి సైకిలే," అంది పిల్నమ్ ఇప్పుడు. "కానీ నేను తొక్కే తొక్కుడికి ఇది కాదు. కూరగాయలకి పనికొస్తుంది, నువ్వు తొక్కుకో."

మున్‌హో ముఖం చిన్నబోయింది. "నెల రోజులు చూశానత్తయ్యా. కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. దుకాణంలో అడిగాను, నా స్నేహితుల్ని అడిగాను."

"నన్ను తప్ప అందర్నీ అడిగావు నాయనా."

"అరవై ఆరేళ్ళ మనిషివి నువ్వు," అంది సెరాన్ గొంతు పెంచి. "ఈ ఊళ్ళో నీ ఈడువాళ్ళంతా పార్కులో చేతులూపుకుంటూ నడుస్తున్నారు. నీకేమో రాళ్ళూ వేళ్ళూ కావాలి."

"వాళ్ళకి పార్కు ఇష్టం. నాకు కాదు. బోమీ, జడకి రా, బడికి ఆలస్యమవుతోంది."

మూడు రోజులు ఆ సైకిలు గుమ్మంలోనే ఉంది. లోపలికొచ్చేవాళ్ళూ బయటికెళ్ళేవాళ్ళూ దాన్ని తప్పుకుంటూ, ఒకరినొకరు కూడా తప్పుకుంటూ తిరిగారు.

ఆదివారం క్లబ్బు వాళ్ళ పూజ. మంచు కరిగి దారులు ఆరాక, ఆ ఏడు మొదటిసారి కొండెక్కే ముందు, కనుమ మీది మండపం దగ్గర సైకిళ్ళన్నీ వరసగా నిలబెడతారు. ముందు బల్ల మీద ఉడికించిన పంది తల, బియ్యపు రొట్టెలు, పళ్ళు, మక్కొల్లి కల్లు పెడతారు. పంది నోట్లో డబ్బు పెట్టి, మోకాళ్ళ మీద వంగి దండం పెట్టి, ఎవరికీ దెబ్బలు తగలకూడదని కొండని అడుగుతారు. వరసలో నిలబెట్టిన సైకిలే ఆ ఏడాదికి ఆ మనిషి సైకిలు. అరువు సైకిలుని ఆ వరసలో ఒప్పుకోరు.

పిల్నమ్ పాత హ్యాండిల్ పట్టుకుని వచ్చింది. దాన్ని వరసలో ఛున్జా సైకిలు పక్కన నేల మీద నిలబెడితే అందరూ నవ్వారు.

"చక్రాలేవే?" అంది ఛున్జా.

"దారిలో ఉన్నాయి. కొత్తది కొనేదాకా జాగా పట్టుకోమని దీన్ని పంపించాయి."

"ఏమంటావు అధ్యక్షా, దీనికి దండం పెట్టొచ్చా?" అని ఛున్జా పాంగ్‌ని అడిగింది.

పాంగ్ గడ్డం గోక్కున్నాడు. "మన అక్క సైకిల్లో మిగిలింది ఇదే కదా. ఇది అరువుదైతే కాదు. ఉండనివ్వండి."

అప్పుడే అడవి రోడ్డు మీంచి కారు ఒకటి ఎక్కి వచ్చింది. సెరాన్, మున్‌హో, బోమి దిగారు. కారు వెనక పాలమీగడ రంగు సైకిలు కట్టి ఉంది. సెరాన్ అందరికీ వంగి నమస్కారం చేసి, తెచ్చిన తీపి రొట్టెల పెట్టె బల్ల మీద పెట్టింది. మున్‌హో సైకిలు దింపి, తిన్నగా తీసుకెళ్ళి పాత హ్యాండిల్‌ని పక్కకి జరిపి ఆ చోట నిలబెట్టాడు.

"అమ్మ పుట్టినరోజుకి మా కానుక," అంది సెరాన్ నలుగురికీ వినపడేలా. "మీ అందరి మధ్యా పూజ చేయిస్తే బావుంటుందని."

చప్పట్లు కొట్టారు. ఎవరో "ఎంత మంచి కూతురో" అన్నారు. పిల్నమ్‌కి చెవులు వేడెక్కాయి. నలుగురిలో అమ్మ కాదనలేకపోతుందని లెక్కేసుకుని వచ్చింది పిల్ల. ఇప్పుడు దీనికి వంగి దండం పెడితే ఈ ఏడంతా ఇదే తన సైకిలు. దీన్ని పట్టుకుని ఎవరూ కొండ దారిలో దిగరు. ఏడాది పోతే మరో ఏడాది, అలా కొండ పోయినట్టే.

ఆమె నడిచి వెళ్ళి స్టాండు తీసింది. సైకిలుని వరసలోంచి బయటికి నెట్టింది. హ్యాండిల్‌ని మళ్ళీ దాని చోట పెట్టింది.

"అక్కా, పూజ మధ్యలో..." అన్నాడు పాంగ్.

"పంది తల ఎక్కడికీ వెళ్ళదు, కాసేపు ఆగుతుంది." పిల్నమ్ మోకాళ్ళ మీద వంగి, ఆ వంకర ఇనుప ముక్కకి అందరికన్నా ముందు దండం పెట్టుకుంది. లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది. "ఇంక మీరు కానివ్వండి," అని చెప్పి సైకిలు నడిపించుకుంటూ పైన్ చెట్ల వైపు వెళ్ళిపోయింది.

సెరాన్ వెనకాలే పరుగెత్తుకొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. "అంతమందిలో నా పరువు తీశావు."

"అంతమందిలో నన్ను ఇరికించావు."

"నీ మంచికేగా. నువ్వు పడి నడుం విరిగితే బోమిని ఎవరు చూస్తారు? నేను ఉద్యోగానికి ఎలా వెళ్ళాలి?"

మాట బయటికి వచ్చేశాక సెరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పావు సరిగ్గా. ఇంతసేపూ నా ఎముకల కోసం అనుకున్నాను."

"అదొక్కటే కాదమ్మా." సెరాన్ గొంతు తగ్గింది. "నాన్న పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివే."

"మిగిలానుగా. మిగిలినదాన్ని అటక మీద పెడతావా? వారం పొడుగునా నీ బిడ్డకి వండుతున్నాను, జడలేస్తున్నాను, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇష్టంగానే చేస్తున్నాను. ఆదివారం పొద్దున మాత్రం నాది. దానికి నీ అనుమతి అడగను. నడు, నేను దిగే దారిలో దిగుదాం. ఒక్కసారి చూసి, తరువాత తిట్టు."

కనుమ నుంచి వాళ్ళ అపార్టుమెంట్ల వెనక్కి ఒక సన్నని దారి దిగుతుంది. రెండు మలుపులు దాటాక పైన్ వేళ్ళు మెట్లుమెట్లుగా పైకి తేలిన చోట పిల్నమ్ ఆగి, రిబ్బను విప్పి కూతురి చేతికిచ్చింది.

"దీని మీదే దిగుతావా?" అంది సెరాన్ భయంగా.

"ఈ వేళ్ళ వరకే. చూడు. ఇక్కడ అందరూ బ్రేకు బిగించేస్తారు. బిగిస్తే చక్రం జారుతుంది. నేను సగం వదిలేస్తాను. రాయి కేసి చూడను, రాయి దాటాక దారెటు పోతుందో అది చూస్తాను. నా పాతదానికైతే సీటు కిందికి దిగిపోయే మీట ఉండేది, ఒళ్ళు వెనక్కి జరపడానికి చోటుండేది. దీనికి లేదు."

ఎక్కింది. మోచేతులు వంచింది, మోకాళ్ళు వదులు చేసింది, వీపు చక్రాల మీదికి వంచింది. ఒక వేరు, ఇంకో వేరు, మెల్లగా, నీళ్ళు దిగినట్టు దిగింది. బుట్ట గలగలలాడింది. అయినా ఆమె ముఖంలో ఏ కంగారూ లేదు. ఆ ముఖం సెరాన్ ఎప్పుడూ చూడలేదు. వంటింట్లో కనపడేది వేరే ముఖం. మూడో వేరు దగ్గర ఒళ్ళు వెనక్కి జరపబోతే సీటు అడ్డం తగిలి, బరువంతా ముందుకి తూగింది. పిల్నమ్ కాలు కింద పెట్టి ఆపేసింది.

"చూశావా? దీని తప్పేం లేదు. ఇది రోడ్డుకి చేసింది."

"ఇంత మెల్లగానా నువ్వు దిగేది?" అంది సెరాన్. "కొండ మీంచి దూకేస్తావనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నన్ను మావాళ్ళు నత్త అంటారు. నేను పడింది ఒక్కసారే, అదీ ఊళ్ళో ఎర్రలైటు దగ్గర. బూటుని కరుచుకునే పెడళ్ళు బిగించుకున్నాను, కాలు ఊడి రాక నిలబడ్డచోటే కూలాను. కూరగాయల బండివాడు లేపాడు. మర్నాడే అవి పీకించేశాను."

సెరాన్ నవ్వబోయి ఆగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎర్రలైటు దగ్గరికి కూడా వెళ్ళొద్దనేదానివి."

ఇంకాస్త దిగాక, చలికాలం గాలికి పడిపోయిన పైన్ చెట్టు దారికి అడ్డంగా ఉంది. నడుమెత్తు మాను. పిల్నమ్ పక్కకి తప్పుకుంది. "ఎత్తు," అంది.

సెరాన్ ఎత్తబోయింది. ముందు చక్రం లేచింది, వెనకది లేవలేదు. మోటారు, బ్యాటరీ అంతా అక్కడే. చేతులు మార్చింది, భుజం పెట్టింది. చెమట పట్టింది. బూటు జారి వెనక్కి పడబోతే తల్లి జబ్బ పట్టుకుని నిలబెట్టింది. చిన్న చెయ్యి, కానీ పట్టు గట్టిది.

"ప్రతిసారీ ఇలా ఎత్తుకుని దాటేదానివా?"

"నాది తేలిక. భుజాన వేసుకుని ఎక్కేదాన్ని. నేను ఒక్కదాన్నే ఎత్తలేని సైకిలుతో నేను కొండకి రాను. ఎత్తడానికి ఇంకొకరు కావాలంటే ఆ ఇంకొకరికి తీరిక ఉండాలి కదా."

సెరాన్ ఆ మాను మీదే కూలబడి ఏడ్చింది. పెద్దగా కాదు, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఏడ్చినట్టు, ముక్కు ఎగబీలుస్తూ. పిల్నమ్ పక్కన కూర్చుంది. ఏడవొద్దని అనలేదు, వీపు నిమరలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

"నువ్వు దిగడం నేను ఒక్కసారీ చూడలేదు కదమ్మా ఇన్నేళ్ళలో."

"ఆదివారం నిద్ర లేస్తేగా."

"ఇందాక బోమి సంగతి అన్నాను..."

"అన్నావు. నిజమే అన్నావు. నేను పడితే నీకు కష్టమే. అందుకే పడకుండా దిగడం నేర్చుకున్నాను. కానీ నేను పడకుండా ఉండటానికే నేను పుట్టలేదు." ఆమె లేచి నిలబడింది. "ఆ వెనక చక్రం పట్టుకో. ఇద్దరం ఎత్తుదాం."

మరుసటి శనివారం తల్లీకూతుళ్ళు ఊళ్ళో సైకిళ్ళ దుకాణానికి వెళ్ళారు. పాలమీగడ సైకిలు మీద సెరాన్ అప్పటికే రెండు రోజులుగా బ్యాంకుకి వెళ్తోంది. తన సైకిలు తన డబ్బుతోనే కొంటానని పిల్నమ్ ముందే చెప్పింది. నూడుల్స్ కొట్టు అమ్మిన డబ్బు అంతా కూతురి పేరు మీద వేయలేదని కూడా అప్పుడే చెప్పింది.

దుకాణంలో కుర్ర సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "అమ్మగారికా? అయితే ఈ పక్కకి రండి. కాలెత్తకుండా ఎక్కేవి ఉన్నాయి, నది ఒడ్డుకి బ్రహ్మాండంగా..."

పిల్నమ్ నోరు తెరిచింది. సెరాన్ ఆమె ముందుకి వచ్చి నిలబడింది.

"కాదండీ. మా అమ్మ కొండ దిగుతుంది. మెల్లగా దిగుతుంది, రాళ్ళ మీంచి, వేళ్ళ మీంచి. ఎక్కేటప్పుడు ఆలస్యమైనా ఫరవాలేదు, పందేలకి వెళ్ళదు. పొట్టి మనిషి, చిన్న ఫ్రేము కావాలి. టైర్లు లావుగా, పట్టు ఉండేవి. కుదుపు తగ్గించే షాకులు ముందుంటే చాలు, వెనకవి బరువు. సీటు మీటతో కిందికి దిగాలి. పెడళ్ళు చదునువి, కరుచుకునేవి వద్దు. అన్నిటికన్నా ముందు," ఆమె ఒకసారి తల్లి వైపు తిరిగింది, "అడ్డంగా చెట్టు పడితే ఒక్కతే ఎత్తుకుని దాటగలగాలి."

కుర్రవాడు ఒకసారి కూతురి వైపు, ఒకసారి తల్లి వైపు చూసి లోపలికి వెళ్ళాడు. పిల్నమ్ చేతి తొడుగుల అర వైపు తిరిగి, అవసరం లేని తొడుగులు ఒకదాని తరువాత ఒకటి తీసి చూస్తూ నిలబడింది. కళ్ళు తుడుచుకోవడానికి వాటిలో ఏదీ పనికిరాదు.

కుర్రవాడు ఒక సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. "అంత చిన్న ఫ్రేములో ఈ రంగొకటే ఉందండీ," అన్నాడు మొహమాటంగా. మెరిసిపోయే గులాబీ రంగు.

పిల్నమ్ ఫ్రేము మధ్యలో భుజం దూర్చి, ఒక్క ఊపుతో సైకిలుని నేల మీంచి లేపింది. లేపి, దాన్ని మోస్తూనే దుకాణం ఆ చివరికి నడిచి వెళ్ళి, తిరిగి వచ్చింది. కొనడానికి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"రంగుదేముంది నాయనా," అంది దించకుండానే. "రేపు పొద్దున్నే బురదలో కనపడదు."