పసుపు మీటరు, రాగి తీగ

“వాణి వస్తోంది, దానంగారూ.”

“బోణీయా? ఇంకా అవలేదండీ.”

“బోణీ కాదు మహానుభావా, వాణి! మన ఏజెంట్. ఇప్పుడు బాంబుల ముఠా ఏజెంట్ కూడా.”

కొత్తపేట బస్టాండు ఎదురుగా ఉన్న రిపేరు షాపులో దానం చేతిలోని సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోంది. పదేళ్లుగా ఆయన పైకి వోల్టేజీ కొలిచే పాత డిజిటల్ మల్టీమీటర్ల డాక్టరు, లోపల ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు మనిషి. ఆ సంగతి వాణికి తెలియదు.

“ఇవాళ ఎక్కడో బాంబు పేలుతుంది,” అన్నాడు ఫోన్‌లో చీఫ్. “కొత్త మీటర్లలో బ్లూటూత్ ఉంటుందని వాళ్లకి భయం. బాంబు బ్యాటరీని ఆఖరుసారి పాత మీటరుతోనే చూస్తారు. అది పాడైంది. మీ దగ్గరికే తెస్తోంది. ట్రాకర్ పెట్టొద్దు, వాళ్ల దగ్గర స్కానర్ ఉంది. అరెస్టు చేస్తే బాంబు దొరకదు.”

“మరేం చెయ్యమంటారండీ?”

“మీ ఇష్టం.”

డిపార్ట్‌మెంటులో ‘మీ ఇష్టం’ అంటే ‘మీ ఖర్మ’ అని.

ఆవిడ రానే వచ్చింది. గంధం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. నవ్వులో వోల్టేజీ ఎక్కువ. బల్ల మీద ముప్పై ఏళ్ల నాటి పసుపు మీటరు పెట్టింది.

“అంకెలు సగం సగం కనబడుతున్నాయి.”

“ఆయ్, కూర్చోండి మేడమ్.”

దానం మూత విప్పాడు. కారిన బ్యాటరీ చిలుము గీకాడు. డిస్‌ప్లే కింది రబ్బరు పట్టీని స్పిరిట్‌తో తుడిచాడు. అంకెలు నిండుగా వచ్చాయి. ఆ పైన డీసీ వోల్టుల కాంటాక్టుల మధ్య లావుపాటి రాగి తీగ ఒకటి అతికించాడు.

“అదేంటి?”

“లూజు కాంటాక్టండీ.”

ఇక డీసీలో పెట్టి ఏ బ్యాటరీకి ఆనించినా అది కొలవదు, షార్ట్ చేస్తుంది. దానం మీటరు తీగల మొనలు, ఆ ప్రోబులు, ప్లగ్గులో పెట్టి చూపించాడు. 231 వోల్టులు. ఇక్కడ ఏ మీటరుకైనా పరీక్ష ప్లగ్గే. ప్లగ్గులో ఉండేది ఏసీ, అది రాగి తీగ జోలికి రాదు. ఆవిడకి అది చాలింది.

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసింది. “నువ్వూ రా. బాంబు పక్కన మెకానిక్ శవం దొరికితే కేసు మెకానిక్ మీదకే.”

కారు రాజోలు రోడ్డెక్కి తాటిపాక వైపు తిరగ్గానే దానం వాచీ చూసుకున్నాడు. అక్కడి గ్యాస్ ప్లాంటులో ఆయన కూతురు సుస్మితకి పొద్దుటి షిఫ్టు.

ప్లాంటు గోడ పక్కన కొబ్బరితోట. గ్యాస్ పైపు వాల్వు కింద బాంబు పెట్టె. ఆవిడ మీట నొక్కగానే టైమర్ మీద ఎర్రటి అంకెలు: 3:00, మూడు నిమిషాలు. గోడ అవతల సుస్మిత స్కూటీ.

“కదిలితే కాలుస్తా.”

కానీ ప్రోబులు రెండు. చేతులూ రెండే. పిస్తోలు నడుము దగ్గర దోపి, డయల్ డీసీకి తిప్పి, రెండు ప్రోబులూ బ్యాటరీకి ఆనించింది.

“సున్నా చూపిస్తోందేంటి?”

“కాస్త ఆనించి ఉంచండి మేడమ్. ముసలి మీటరు కదండీ, నిదానంగా చెబుతుంది.”

2:41. 2:38. తీగ వేడెక్కింది. బ్యాటరీ ఉబ్బింది. 2:34 దగ్గర ఎర్ర అంకెలు ఆరిపోయాయి, బాంబు చచ్చింది. ‘టప్’మని బ్యాటరీ పగిలి పొగ లేచింది. ఆవిడ చేతులు విదిల్చేలోగా పిస్తోలు దానం చేతికొచ్చింది. ఇంత లాంగ్ ప్లానూ షార్ట్ అయింది.

పొగ చూసి సెక్యూరిటీతో పాటు సుస్మిత పరిగెత్తుకొచ్చింది. “నాన్నా! నువ్విక్కడేంటి?”

“హోమ్ సర్వీసమ్మా.”

పోలీసులొచ్చి సంకెళ్లు వేస్తుంటే వాణి పళ్లు నూరింది. “ప్లగ్గులో బాగానే చూపించావు కదరా!”

“వారంటీ ఏసీ వరకేనండీ,” అన్నాడు దానం వినయంగా. “డీసీ చూపించమని మీరు అడగలేదు.”