వానసారు

అరవైల్లో ఒక ఏడాది మా వైపు ముసురు పట్టి నలభై రోజులు వదల్లేదు. మధ్యలో రెండు మూడు ఎండపొడలు తప్ప ఆకాశమంతా కడగని సత్తుగిన్నెలా ఉండేది. బాపట్లలో గొడుగులకు పుట్టగొడుగులు మొలిచాయి. రేపల్లె రైలు పట్టాల మీద కాక నీళ్ళ మీద తేలుతూ వస్తోందనీ, గార్డు జెండా కర్రతో దాన్ని తోస్తున్నాడనీ చెప్పుకున్నారు. రెండోది నేను చూడలేదు. మొదటిది మాత్రం నిజం, నా గొడుగుకే మొలిచాయి. కూర కూడా వండుకున్నాను.

అప్పుడు నేను బాపట్లలో ఒక సర్కారీ ఆఫీసులో అటెండరుని. పేరు బసవేశ్వరరావు. పేరాలలో మగ్గాల ఇంట పుట్టి, ఎనిమిదో తరగతి గట్టెక్కగానే, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టమని మా నాన్న అంటే పెట్టకుండా పారిపోయిన ఘనుణ్ణి.

ఆఫీసులో నా పనుల్లో గొప్పది వానను కొలవడం. ఆవరణలో కంచె కట్టి, భూమిలో ఒక గొట్టం పాతారు. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆ సీసాలో నీళ్ళు గీతలున్న గాజుగ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాయాలి. అంతే పని. కానీ చేత్తో గ్లాసు పట్టుకుని, చెవిలో పెన్సిలు దోపుకుని నేను నడిచే తీరు చూస్తే, మబ్బులన్నీ నా సంతకం కోసం ఆగి ఉన్నాయని ఎవరైనా అనుకుంటారు.

ఆ రోజు గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి కంచె లోపల ఒక అమ్మాయి ఉంది. చంకలో నూలు మూట, నెత్తిన గోనెసంచి. గరాటు తీసి పక్కన పెట్టి, సీసా వంచి, తీరిగ్గా కాళ్ళ బురద కడుక్కుంటోంది.

“ఏయ్! ఏంటా పని?”

“కనపట్టంలా? కాళ్ళు కడుక్కుంటన్నా.”

“అది గవర్నమెంటు వాన!”

ఆమె ఆకాశం కేసి చూసింది. చూరు నుంచి, చెట్ల నుంచి, నా ముక్కు చివరి నుంచి కారుతున్న నీళ్ళన్నీ చూసింది.

“మరి ఇదంతా ఎవరిదండీ? ప్రైవేటుదా?”

“నవ్వులాట కాదు. నేనిప్పుడు పుస్తకంలో ఏం రాయాలి?”

“నా రెండు కాళ్ళకీ సరిపడా కురిసిందని రాసుకోండి. ఎడంకాలికి ఇంకా కాస్త బురదుంది. అది కూడా రాయండి, లెక్క తప్పకుండా.”

నలభై ఆరు మిల్లీమీటర్లని ఉజ్జాయింపుగా రాశాను. ఆ రోజు మద్రాసు దాకా వెళ్ళిన లెక్క ఆ అమ్మాయి, అంటే చంద్రకళ, పాదాల కొలత.

గేటు దాటబోతూ వెనక్కి తిరిగింది. “వానసారూ, ఎండెప్పుడొస్తదండీ? మా నాన్న పడుగు ఇంట్లోనే మూలుగుతా ఉంది.”

పడుగంటే చీరకు నిలువు దారాలు. వాటిని వీధి పొడుగునా చాపి, గంజి పూసి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెడితేగాని మగ్గమెక్కవు. ముసురు పట్టిందంటే నేతవీధంతా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. వాన కొలిచేవాడికి రాబోయే వాన కూడా తెలుస్తుందని ఆ పిల్ల నమ్మకం. ఆ పిల్లదే కాదు, ఆ వీధి మొత్తానిదీ.

తెలియదని చెప్పి ఉండవలసింది. కానీ ఆమె కంటిరెప్ప మీద ఒక చినుకు, కిందికి జారకుండా, నా జవాబు కోసమే ఆగి ఉంది.

“శుక్రవారం. మధ్యాహ్నం దాకా గ్యారంటీ,” అన్నాను.

శుక్రవారం ఎండ కాసింది. ఇందులో నా తప్పేమీ లేదు.

అక్కడి నుంచి నేతవీధిలో నాకు జరిగిన మర్యాద కలెక్టరుకు కూడా జరిగి ఉండదు. అరుగు మీద పీట, చేతిలో కాఫీ. నేను పెద్దమనిషిలా ఆకాశం చూసి, “ఊఁ” అనేవాణ్ణి. ఆ ‘ఊఁ’కు ఎవరికి కావలసిన అర్థం వారు తీసుకునేవారు. చెప్పింది తప్పితే గాలి మారిందనేవాణ్ణి. గాలి వచ్చి కాదని సాక్ష్యం చెప్పదు కదా.

చంద్రకళ గుమ్మానికి ఆనుకుని, చేటలో బియ్యం ఏరుతూ, మధ్య మధ్యలో గుప్పెడు నోట్లో వేసుకునేది.

“పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుద్ది, తెలుసా?” అన్నాను.

“పడితే కొలవటానికి మనిషి దగ్గర్లోనే ఉంటాడుగా?” అని, తనన్న మాటకు తనే తత్తరపడి చేటతో సహా లోపలికి పారిపోయింది.

నేను చల్లారిన కాఫీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆమె తండ్రి పున్నయ్యకు ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. వారం తిరక్కుండానే ఆయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఏరా బసవా, పేరాల్లో మగ్గం వదిలేసి గాజుగ్లాసు పట్టుకున్నావంట?”

“అవును మామా.”

“మగ్గం చేదయిందా?”

“నడుం నెప్పి మామా.”

“వాన కొలిస్తే నడుం నెప్పెట్టదా?”

“వంగేది రోజుకొక్కసారే మామా.”

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు.

“పిల్లకి నువ్వంటే ఇష్టం. నాకూ అభ్యంతరం లేదు. కానీ మా ఇంట్లో పెళ్ళిచీర తండ్రే నెయ్యాల. కొన్న చీర కట్టి ఆడపిల్లని పంపటం మాకు లేదు. మా అక్కకి మా నాన్న నేశాడు. నా కూతురికి నేను నెయ్యొద్దూ?”

“తప్పకుండా మామా. అదెంత పని నీకు?”

“కళ్ళుండాలి కదరా.” చెయ్యి మొహం ముందు అటూ ఇటూ ఊపుకున్నాడు. “పక్కలన్నీ పొగలా ఉంటన్నాయి. తెనాల్లో కళ్ళ డాక్టరు చూశాడు. పోయింది రాదు, ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు. పిల్లకి చెప్పలేదు, చత్వారమన్నా. మార్గశిరంలో ముహూర్తం పెట్టుకుందాం. అది దాటితే మూఢం. మూఢం పోయేదాకా ఇవి ఆగుతాయో ఆగవో.”

పసుపు పడుగు, ఎర్రంచు. దారం రంగులద్ది సిద్ధం చేశారు. ఇక కావలసింది ఒక్క పూట ఎండ. ఆ పూట మాత్రం రాదు. వారం, పది రోజులు. చంద్రకళ రోజూ నూలు పని కల్పించుకుని కంచె దగ్గరకు వచ్చి నిలబడేది. నేను గ్లాసులో గీతలు చూసేవాణ్ణి, ఆమె నన్ను చూసేది. ఇద్దరి మీదా కురిసేది.

అప్పుడు ఆఫీసుకి తంతి వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం, రేపటి నుంచి మళ్ళీ భారీ వర్షాలు. దాన్ని ఇవ్వవలసిన వారందరికీ ఇచ్చాను, చెప్పవలసిన ఊళ్ళకు చెప్పి వచ్చాను. ఒక్క నేతవీధికే చెప్పలేదు.

ఎందుకంటే ఆ సాయంత్రం మబ్బు కాస్త విడిచి, పడమట ఎర్రగా కనిపించింది. పొద్దుటి పూట ఎండ కాయవచ్చు. మధ్యాహ్నం దాకా ఆగవచ్చు. ఆగితే మార్గశిరంలో నా పెళ్ళి.

పున్నయ్య మామ అరుగు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “చెప్పరా. రేపు ఎండేనా?”

“ఎండే మామా.”

తెల్లవారి నిజంగానే ఎండ వచ్చింది. వీధంతా చెయ్యి వేసింది. ఆ చివరి నుంచి ఈ చివరకు పడుగు చాపారు. అంత పచ్చగా ఉంది వీధి, పెళ్ళి అక్కడే జరుగుతున్నట్టుంది. పున్నయ్య మామ గంజి పూస్తూ ఒక చివర నుంచి, చంద్రకళ దువ్వుతూ ఇంకో చివర నుంచి వచ్చారు. నా పక్కకి వచ్చినప్పుడు ఆ పిల్ల కుంచె విదిలించి నా చొక్కా మీద గంజి చల్లింది.

“నువ్వు కూడా నిటారుగా నిలబడతావు బావా, ఇప్పుడు.”

పదకొండు గంటలకు సూర్యలంక సముద్రం వైపు నుంచి మబ్బు వచ్చింది. రావడం కాదు, మీద పడింది.

చుట్టే వ్యవధి కూడా లేకపోయింది. తడి గంజి కరిగి, దారాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలయ్యాయి. అంచుల ఎరుపు పసుపులోకి దిగింది. వీధి కాలవ పారాణి నీళ్ళలా పారింది. పున్నయ్య మామ పడుగు మీద అడ్డంగా వంగి, చేతులు చాచి, తన వీపుతో దాన్ని కాయబోయాడు. ఎంత వీపని కాస్తుంది?

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. “గాలి మారిందంటావా సారూ?” అని అడిగారు. నా మాటే నాకిచ్చారు. తల ఊపాను.

తర్వాత పద్నాలుగు రోజులు ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళు ముద్దలైన దారాలు విడదీశారు. కుంపట్లో నిప్పులు వేసుకుని, గదిలోనే మూరెడు మూరెడు చొప్పున మళ్ళీ గంజి పెట్టారు. ఆఫీసు అయ్యాక నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. నా వేళ్ళు ఆ పని మరిచిపోలేదు. నాకే ఆశ్చర్యం.

చివరికి పడుగు మగ్గమెక్కింది. కొంగు వైపు నుంచి మొదలుపెట్టాడు ఆయన. రోజుకు మూర, కొన్నాళ్ళు జానెడు. తెగిన దారాలు చంద్రకళ అతికేది. బయట అదే ముసురు, లోపల అదే మసక.

నలభై ఒకటో రోజున ముసురు వదిలింది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కిటికీలోంచి ఎండ ధారగా మగ్గం మీద పడుతోంది. పున్నయ్య మామ చేతుల మీదా పడుతోంది.

“అమ్మాయ్,” అన్నాడాయన, “ఇంకా మబ్బు విడవలేదా? దారం ఆనటంలా.”

చంద్రకళ చేతిలో నూలు కండె అలాగే ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను.

“లేదు మామా,” అన్నాను. “ముసురే.”

ఆయన చేతులు తిప్పి చూసుకున్నట్టు తిప్పాడు.

“మరి చెయ్యి కాల్తందేంట్రా?”

గుంట అంచున కూలబడి, అన్నీ చెప్పేశాను. రాబోయే వాన గురించి నాకు ఏనాడూ ఏమీ తెలియదని చెప్పాను. ఆనాడు మాత్రం తెలుసునని, తంతి నా చేతిలోనే ఉందని, పెళ్ళి తొందరలో దాచానని చెప్పాను.

“నాకు తెలీదంటావా?” అన్నాడు పున్నయ్య మామ. “ముప్పయ్యేళ్ళ నుంచి ఆ వీధిలో పడుగులు చాపుతున్నా. పొద్దున్నే సముద్రం గాలి తడిగా కొడుతుంటే నాకు తెలీదా? నీ మాట మీద చాపలేదురా. నా తొందర మీద చాపా.”

“మరి నన్నెందుకడిగావు మామా?”

“ఎవడో ఒకడు ఎండని చెబితే బాగుండనిపించింది.”

చంద్రకళ లేచింది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“మీ ఇద్దరికీ తెలుసు. నన్ను మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. కళ్ళ సంగతి నాకు చెప్పలేదు, వాన సంగతి చెప్పలేదు. మాసిన చీర కట్టుకునైనా పెళ్ళి చేసుకునేదాన్ని కదా నాన్నా, నువ్వు చూస్తావంటే! నాకు నీ చీర దేనికి? నువ్వు చూస్తే చాలదా?”

ఎండ, నలభై రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు, ఆ గది నిండా కాసింది.

ఆమె చాలాసేపు మగ్గం కేసి చూసింది. సగం చీర నేసి ఉంది. మిగతా సగం దారాలే.

“సగం కోసెయ్యండి,” అన్నాడు పున్నయ్య మామ. “ఇంకొకటి కొనుక్కోండి.”

“కోసేది లేదు,” అంది. తండ్రిని చెయ్యి పట్టి పైకి లేపి మంచం మీద కూర్చోబెట్టింది. నా వైపు తిరిగింది. “బావా, దిగు.”

“నేనా? చంద్రా, నాకు చేతకాదు...”

“వాన చెప్పటం చేతనయిందా? దిగు.”

దిగాను. ఏ గుంట నుంచి పేరాలలో పారిపోయి వచ్చానో, బాపట్లలో అలాంటి గుంటలోనే కాళ్ళు పెట్టాను. చల్లగా, తడిగా ఉంది. అడ్డం దారం తోసి, అది బిగిసేలా మొదటి దెబ్బ కొట్టాను.

“వదులుగా పడింది!” అని మంచం మీద నుంచి కేక. “గట్టిగా కొట్టరా. చంటిపిల్లని జోకొడుతున్నావా?”

కొట్టాను.

“ఇప్పుడేంటి, పామును చంపుతున్నావా?”

చంద్రకళకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే గోడ వైపు తిరిగింది. భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

పన్నెండు రోజులు అలా నేశాను. చప్పుడు వింటూ ఆయన చెప్పేవాడు, ఆయన చెప్పినట్టు నేను కొట్టేవాణ్ణి. ఆమె నాతో పని మాటలే మాట్లాడింది. పదమూడో నాడు నేత ముగిసి చీరను మగ్గం నుంచి కోసేటప్పుడు మాత్రం నా అరచేతుల్లో బొబ్బలు చూసి, వెన్న తెచ్చి రాసింది. ఆ చెయ్యి కాసేపు వదల్లేదు. అంతకు మించిన ప్రేమలేఖ నాకెవరూ రాయలేదు.

మార్గశిరంలో పెళ్ళి జరిగింది. తండ్రి నేసిన సగం భుజం మీదికి, నేను నేసిన సగం కుచ్చిళ్ళలోకి వచ్చేలా కట్టుకుంది. “పరువు పోకుండా సర్దా,” అని నా చెవిలో అంది. కానీ ఎర్రమరకలు ఎక్కడ దాగుతాయి? పసుపు నిండా మబ్బుల్లా అవే ఉన్నాయి. అమ్మలక్కలు చూసి గుసగుసలాడారు.

అక్షింతలకు ముందు ఆమె తండ్రి ఎదుట కూర్చుని, చెంగు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళతో మెల్లగా తడుముకుంటూ పోయాడు.

“రంగెట్టా వచ్చిందమ్మా?”

“పసుపే నాన్నా. నిండు పసుపు. అంచు ఎరుపు. ఒక్క మరక లేదు.”

నా వైపు ఒక చూపు చూసింది, నోరెత్తావంటే చూడు అన్నట్టు. నేనెందుకు ఎత్తుతాను?

పున్నయ్య మామ తల ఊపాడు. ఆ పడుగు తడిసింది ఆయన చేతుల కిందే. తర్వాత దోసిలి నిండా అక్షింతలు తీసుకుని, ముందుకు వంగి, “ఎక్కడున్నయ్యర్రా మీ తలలు?” అన్నాడు.

ఇద్దరం జరిగి, ఆయన చేతుల కిందికి వెళ్ళి కూర్చున్నాం.