అత్త వలస వయసు

పరీక్షాగది తలుపు తెరుచుకోలేదు. సహస్ర మూడోసారి మణికట్టును గుమ్మం పక్కనున్న యంత్రపు తెరకు ఆనించింది. ముప్పుగాజు గరికలా ఆకుపచ్చగా వెలిగింది.

"మీకు ముప్పు తక్కువ, సహస్ర గారూ. మీ వంతు నాలుగేళ్ళ తరువాత," అంది తెర తియ్యటి గొంతుతో.

"ఆమెకు రొమ్ములో గడ్డ తగిలింది! చేతికి తగిలింది!" అని కోడలు ఋత్వి అరిచింది.

"స్వాగతం, ఋత్వి గారూ. మీ గాజు పసుపు. మీ వంతు సిద్ధం. లోపలికి రండి."

ఋత్వికి ఆ తెరను చెప్పుతో కొట్టాలనిపించింది. ఇక్కడే పుట్టిన ఇరవయ్యారేళ్ళ తనను ఏడాదికి మూడుసార్లు పిలుస్తుంది. యాభయ్యెనిమిదేళ్ళ అత్తను వాకిట్లోంచే పంపేస్తుంది. మూడు నెలల కొత్త కాపురం, పొద్దున నిహాల్ కలిపిచ్చిన అల్లం చాయ్, ఆ మురిపెమంతా ఈ గుమ్మంలోనే ఆవిరైపోయింది.

మగ్గాల పట్నం భివండిలో ఆడవాళ్ళంతా ఇరవై నిండగానే ముప్పుగాజు తొడుక్కోవాలి. రొమ్ము కాన్సరు ముప్పు లెక్కకట్టడానికి అది వయసు చూస్తుంది, పుట్టిన చోటు చూస్తుంది, ఊరు విడిచి ఎన్నేళ్ళయిందో చూస్తుంది. ఆ చివరిదే వలస వయసు. పల్లె విడిచి వచ్చిన ఆడవాళ్ళకు పట్నపు బతుకుతోపాటు పట్నపు ముప్పూ ఏటికేడు పెరుగుతుందని, ఇక్కడే పుట్టిన కూతుళ్ళకు మరికాస్త ఎక్కువని దాని లెక్క. లెక్కలో తప్పు లేదు. తప్పంతా అత్తది.

ముప్పై నాలుగేళ్ళుగా మగ్గాల సందులోనే కాపురముంటూ, ఏటా గ్రామసభనాటికి సిరిసిల్ల పక్కన తన ఊరెళ్ళి తానింకా అక్కడే ఉంటున్నట్టు గాజుకు వాసముద్ర వేయించుకొస్తుంది సహస్ర. గాజు దృష్టిలో ఆమె ఊరు కదలనే లేదు. వలస వయసు సున్నా.

"ఆ తెరతోని 'ఊరు విడిచిన' అను అత్తమ్మా. ఒక్క మాట."

"అంటే ఊరి పట్టీల పేరు కొట్టేస్తరు."

"కొట్టేస్తే ఏమైతది? ఆడ నీకు గుంటెడు జాగ లేదు!"

"పేరున్నది గద. మా ఇంటిపేరోళ్ళల్ల మిగిలింది నేనొక్కదాన్నే. సర్పంచి చదువుతడు, నేను 'ఉన్న' అంట."

"భివండిల ఉండి 'ఉన్న' అంటవా!"

"ఆ రోజు ఆడనే ఉంట గద పిల్లా."

ఋత్వి నెత్తి కొట్టుకుంది. మరుక్షణం తన పసుపు గాజు తీసి అత్త చేతికి తొడిగి, ఆమె గాజు తాను వేసుకుంది. గాజును తయారుచేసిన మహానుభావులు అన్నీ ఆలోచించారు గాని, ఒక ఇంటి ఆడవాళ్ళు గాజులు మార్చుకుంటారన్న సంగతి మాత్రం వాళ్ళకు తట్టలేదు.

తలుపు తెరుచుకుంది. పావుగంటలో ఫలితం వచ్చింది. "ఋత్వి గారూ, ఇది కాన్సరే. చిన్నది. వెంటనే చికిత్స చేస్తే నయమవుతుంది. మీ పేరు నమోదు చేశాం."

బయటికొచ్చి ఎవరి గాజు వాళ్ళు తొడుక్కున్నారు. అసలు తలనొప్పి మర్నాడు మొదలైంది. ఇరవయ్యారేళ్ళ పిల్లకే వచ్చిందంటే ఇక్కడ పుట్టిన వాళ్ళందరికీ ముప్పేనని లెక్క తిరగరాసుకుంది యంత్రం. సందులో ఆడపిల్లల గాజులన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఎదురింటి జోషికను చూసి వెళ్ళిన పెళ్ళివారు "ఎరుపు తగ్గినంక మాట్లాడుదాం" అని కబురంపారు. పరీక్షాగది నుంచి 'మీ భార్యకు కాన్సర్' అన్న కబురు ముందే అందిన నిహాల్, గాజుల సంగతి ఋత్వి ఎంత విడమరిచి చెప్పినా నమ్మలేక, ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. పరీక్షాగది ముందు ఏడుపు మొహాల వరుస వీధి చివరిదాకా సాగింది.

సహస్ర ఆ వరుసను తోసుకుంటూ వెళ్ళి, తన ఆకుపచ్చ గాజును తెరకు కొట్టినట్టు ఆనించింది.

"రాసుకో. నేను ఊరు విడిచిన. ముప్పై నాలుగేండ్లాయె. నిన్న లోపలికొచ్చింది నేను. ఆ గడ్డ నాది."

యంత్రం లెక్క మళ్ళీ తిరగరాసుకుంది. సహస్ర గాజు ఎర్రబడింది. వెనక పిల్లల గాజులు ఒక్కొక్కటే పసుపుకు దిగాయి. జోషిక గట్టిగా ఈల వేసింది.

ఋత్వికి మాత్రం ఒళ్ళు మండింది. "ఈ మాట నిన్ననే అంటే నీ సొమ్మేం పోయింది అత్తమ్మా? ఇంత లొల్లి ఉండకపోవు!"

సహస్ర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిన్న నా పానం ఒక్కటే గద బిడ్డా," అంది. "దానికోసం ఊరు ఇడుస్తనా?"